ఛైర్మన్ గారి కోడిగీతలు

ఛైర్మన్ గారి చేతిరాత చదవగలిగిన మనిషి ఊరు మొత్తానికి ఒక్కరే ఉండేవారు. ఆవిడ మునిసిపల్ ఆఫీసు టైపిస్టు. ఆ మాట ఊరంతా అనేది, ఆఫీసంతా నమ్మేది, టైపిస్టమ్మ మాత్రం ఒక్కనాడూ కాదనలేదు. కాదనకపోవడానికి ఆవిడ కారణాలు ఆవిడకున్నాయి. వాటి దగ్గరికి తర్వాత వద్దాం.

ముందు ఆ రాత సంగతి చెప్పుకోవాలి. మామూలు మనుషుల రాత బాగుండకపోతే కోడి కెలికినట్టుంది అంటాం. ఛైర్మన్ గారి రాత చూశాక ఆ మాట అనడం కోడికి అవమానం అనిపించేది. కోడి కెలికిన చోట కనీసం ఒక గింజన్నా దొరుకుతుంది. ఈయన కాగితంలో ఎంత వెతికినా ఒక్క అక్షరం దొరికేది కాదు. పెన్ను ఎడమ అంచున పెట్టారంటే కుడి అంచు దాకా ఎత్తేవారు కాదు. మధ్యలో రెండు కొక్కేలు, ఒక గుట్ట, ఒక గొయ్యి, మళ్లీ ఓ కొక్కెం. అలా పన్నెండు వరుసలు. కింద గుండ్రటి రబ్బరు స్టాంపు మాత్రం స్పష్టంగా పడేది కాబట్టి అది ఛైర్మన్ గారి ఉత్తరమని తెలిసేది. అదే లేకపోతే ఎవరో పెన్నులో ఇంకు ఉందో లేదో చూసుకున్నారనుకుని చెత్తబుట్టలో వేసేవారు.

ఆయన ఏడుసార్లు ఛైర్మన్ అయ్యారు. ఏడుసార్లూ ఊళ్లో పెద్దవాళ్లు ఆయనకు వ్యతిరేకంగానే పనిచేశారు, ఏడుసార్లూ పిల్లలు ఇల్లిల్లూ తిరిగి గెలిపించారు. పిల్లలంటే బడి మానేసినవాళ్లు, అనాథల హాస్టల్లో పెరిగినవాళ్లు, రైలు పట్టాల పక్క గుడిసెలవాళ్లు, ఏదో తప్పు చేసి దిద్దుబాటు బడికి వెళ్లొచ్చినవాళ్లు. ఏ ఆఫీసుకెళ్లినా గేటు దగ్గరే 'ఏయ్, ఎక్కడికి' అనిపించుకునే వయసు వాళ్లు. వాళ్ల కోసం ఆయన తన గదికి తలుపులే తీయించేశారు. తీయించిన తలుపుల్ని ఊరికే పారేయలేదు. పాత గోడౌనులో పిల్లలు పని నేర్చుకునే చోటికి పంపి బల్లలు చేయించారు. తలుపులు లేకపోతే గాలికి కాగితాలు ఎగిరిపోతాయి సార్ అని బంట్రోతు మొత్తుకున్నాడు. ఎగిరిపోనీ, ఏవి ముఖ్యమో అప్పుడు తెలుస్తుంది అన్నారు ఆయన.

పొద్దున్నే ఎనిమిది నుంచి పది దాకా ఆ గదిలోకి ఎవరైనా రావచ్చు. వచ్చినవాళ్లలో సగం మందికి నోరు పెగిలేది కాదు. బొటనవేలితో నేల గీస్తూ నిలబడేవారు. ఆయన పెన్ను మూత తీసి పట్టుకుని, నువ్వు చెబితేనే కదా నేను రాసేది అనేవారు. రెండు ముక్కలు చెబితే, ఎందుకు కావాలి అని అడిగేవారు. ఇంకో రెండు ముక్కలు చెబితే, ఇచ్చాక ఏం చేస్తావు అని అడిగేవారు. నాలుగోసారికి పిల్లాడి గొంతు గదిలోంచి వరండాలోకి వినబడేది. అప్పుడు మొదలుపెట్టేవారు కొక్కేలూ, గుట్టలూ, గోతులూ. స్టాంపు వేసి, నాలుగు మడతలు పెట్టి, ప్రతిసారీ ఒకే మాట చెప్పేవారు.

"నువ్వే తీసుకెళ్లి ఇవ్వాలి. ఇంకొకళ్ల చేత పంపకు."

ఇక ఆ ఉత్తరం అందుకున్న ఆఫీసర్ల అవస్థ చూడాలి. మొదట్లో మునిసిపల్ ఇంజినీరు ధైర్యం చేసి, ఉత్తరం పట్టుకుని పైకి వెళ్లి, సార్, ఇది కొంచెం అర్థం కావడం లేదు అన్నాడట. ఛైర్మన్ గారు చాలా నొచ్చుకున్నారు. నొచ్చుకుని మెల్లిగా అన్నారట.

"చదవడం రాకపోతే అందులో సిగ్గుపడేదేం లేదు ఇంజినీరు గారూ. గోడౌనులో సాయంత్రం బడి నడుస్తోంది. మీ పేరు నేనే రాయిస్తాను."

ఆ దెబ్బతో ఇంజినీరు జన్మలో మళ్లీ ఆ మెట్లెక్కలేదు. అప్పటినుంచి తన పద్ధతి మార్చుకున్నాడు. ఉత్తరం విప్పి, కళ్లజోడు తుడుచుకుని, పన్నెండు వరుసలూ పైనుంచి కిందికి చూసి, రెండుచోట్ల తల ఊపి, ఒకచోట 'ఊఁ' అనేవాడు. ఆ తర్వాత, సరే, ఛైర్మన్ గారు అంతా వివరంగానే రాశారు, అయినా ఫైల్లో రాసుకోవాలి కదా, నీ నోటితో ఒకసారి చెప్పు అనేవాడు. పిల్లాడు చెప్పేవాడు. ఇంజినీరు అది రాసుకుని పని చేసిపెట్టేవాడు. ఊళ్లో ఆరోగ్య శాఖ ఆఫీసరు, లైబ్రేరియను, ఐటీఐ ప్రిన్సిపాలు, అందరిదీ ఇదే పద్ధతి. ఊళ్లోవాళ్లు టైపిస్టమ్మ ఒక్కరే అన్నా, సాటి ఆఫీసర్లందరూ గడగడా చదివేస్తున్నారని, తనకొక్కడికే ఆ రాత రాదని ప్రతివాడి నమ్మకం. అందుకని ఒకడి సంగతి ఇంకొకడికి పొరపాటున కూడా చెప్పలేదు.

చిత్రాలు జరిగాయి. లిఫ్టు మెకానిక్కుగా పైకొచ్చిన ఒకతను మొదటిసారి ఐటీఐకి పట్టుకెళ్లింది అసలు ఉత్తరమే కాదు. ఛైర్మన్ గారు కొత్త పెన్నూ స్టాంపూ పడుతున్నాయో లేదో గీసి చూసుకున్న కాగితం. పొరపాటున అది జేబులో పెట్టుకెళ్లాడు. ప్రిన్సిపాలు ఆ కాగితాన్ని రెండు నిమిషాలు శ్రద్ధగా చదివి, బాగా రాశారు, నీ నోటితో కూడా చెప్పు అన్నాడు. సీటు వచ్చింది. నర్సుగా పనిచేస్తున్న ఇంకో అమ్మాయి ఒకే ఉత్తరాన్ని ఐదేళ్లు వాడింది. దాంతోనే లైబ్రరీ కార్డు తెచ్చుకుంది, దాంతోనే నర్సింగ్ ట్రైనింగులో చేరింది, దాంతోనే తమ సందులో వీధిదీపం వేయించింది, చివరికి దాంతోనే తమ్ముణ్ణి హాస్టల్లో చేర్పించింది. మడతల దగ్గర చిరిగిపోతే టేపు అంటించి తెచ్చింది. ఏ ఆఫీసరూ పాత ఉత్తరమని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాలంటే చదవాలి కదా.

ఒకసారి బంట్రోతు, ఛైర్మన్ గారు పిల్లల కోసం చేత్తో రాసిన ప్రకటన ఒకటి నోటీసు బోర్డు మీద తలకిందులుగా అంటించాడు. నాలుగు రోజులు ఊళ్లోవాళ్లు దాని ముందు నిలబడి చదివి వెళ్లిపోయారు. ఐదోరోజు ఛైర్మన్ గారే అటుగా వెళుతూ ఆగారు. తల కాస్త వంచి చాలాసేపు చూశారు. బంట్రోతు దాన్ని పీకబోయాడు. ఆయన మాత్రం 'బాగుంది' అని భుజం తట్టి వెళ్లిపోయారు.

ఇప్పుడు టైపిస్టమ్మ దగ్గరికి వద్దాం. ఇరవై నాలుగేళ్లప్పుడు ఉద్యోగంలో చేరింది. సర్కారు వ్యవహారాలు ఛైర్మన్ గారు నోటితో చెప్పి టైపు చేయించేవారు గానీ, పిల్లల కోసం పై ఆఫీసులకు పంపే ఉత్తరాలు మాత్రం చేత్తో రాసి ఇచ్చేవారు. చేరిన రోజే అలాంటి కాగితం ఒకటి బల్లమీద పడింది. ఎంత చూసినా ఆవిడకు ఒక్క ముక్క బోధపడలేదు. చదవడం రాదంటే ఉద్యోగం ఊడుతుందేమోనని భయం. మొగుడు అప్పటికింకా మందుల షాపులో కొత్త, ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఈ టైపు మిషనే దిక్కు. ఏం చేయాలో తోచక, ఉత్తరం కోసం వరండాలో కూర్చున్న పిల్లను లోపలికి పిలిచి, మాటల్లో పెట్టి, ఏం కావాలో ఎందుకు కావాలో అంతా రాబట్టింది. అది చక్కగా ఉత్తరంలా అల్లి టైపు చేసి తీసుకెళ్లింది. ఛైర్మన్ గారు చివరిదాకా చదివి, తలెత్తి చూసి, నా రాత భలే చదివావమ్మా అని సంతకం చేశారు.

అంతే. ఆ రోజు నుంచి ఆవిడ ఊళ్లో ఛైర్మన్ గారి రాత చదవగలిగిన ఏకైక మనిషి అయిపోయింది. ముప్పై ఏళ్లు ఆ పేరు మోసింది. ఆఫీసులో ఆవిడకున్న మర్యాద హెడ్డు గుమాస్తాకి కూడా లేదు. వీధిలో ఎవరికి ఏ డాక్టరు చీటీ అర్థం కాకపోయినా ఆవిడ దగ్గరికే తెచ్చేవారు. అలాంటివి తన స్థాయికి తగవన్నట్టు మొహం పెట్టి మొగుడి షాపుకి పంపేది. ఈ రహస్యం మొగుడికి కూడా చెప్పలేదు.

ఛైర్మన్ గారు డెబ్బై ఆరో ఏట, ఒక మధ్యాహ్నం, కుర్చీలో కూర్చుని ఎవరికో ఉత్తరం గీస్తూ గీస్తూ తల వాల్చేశారు. డాక్టరు వచ్చి చూసి ప్రాణం పోయిందన్నాడు. బంట్రోతు ఆ కాగితం తీసి చూసి, చివరి వరుసలో కూడా తేడా ఏమీ తెలియడం లేదని ఏడ్చాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ఆఫీసంతా ఏడ్చింది.

ఆయన తర్వాత వచ్చిన కొత్త ఛైర్మను చెడ్డవాడేం కాదు. అనాథల హాస్టల్లో పెరిగినవాడు. సైకిళ్లు బాగుచేసే బడ్డీ పెట్టుకుని, అందులోంచి ఇంత పైకి వచ్చాడు. ఆ బడ్డీకి జాగా ఇమ్మని ఛైర్మన్ గారు రాసిచ్చిన ఉత్తరాన్ని అద్దం కట్టించి హాల్లో పెట్టుకున్నాడు. ఇంటికెవరు వచ్చినా దాని ముందు నిలబెట్టి, 'ఈ కుర్రాడు చాలా తెలివైనవాడు' అని రాశారు చూడండి అని వేలు పెట్టి చూపించేవాడు. రోజుకో వరుస మీద వేలు పెట్టేవాడు, అది వేరే సంగతి. అతనికి ఛైర్మన్ గారంటే ప్రాణం. ఆ ప్రాణం కొద్దీ, ఆయన పేరు మీద ఊరు నోరెళ్లబెట్టేలా ఏదైనా కట్టాలనుకున్నాడు. నాలుగంతస్తుల షాపింగ్ కాంప్లెక్సు, ముందు నిలువెత్తు విగ్రహం. జాగా ఎక్కడ? పాత గోడౌను ఉండనే ఉంది.

గోడౌనులో అప్పటికి నలభై మంది పిల్లలు పని నేర్చుకుంటున్నారు. ఒక పక్క వెల్డింగు, ఒక పక్క కుట్టుమిషన్లు, మధ్యలో ఛైర్మన్ గారి గది తలుపుల బల్లలు. వెల్డింగు నేర్పేది ఒక అమ్మాయి. నాలుగేళ్ల కిందట తనూ అక్కడే నేర్చుకుంది. గోడౌను పడగొడతారని తెలిసి ఆ అమ్మాయి నేరుగా కొత్త ఛైర్మను దగ్గరికి వచ్చి ఒక కవరు ఇచ్చింది. చనిపోవడానికి రెండు వారాల ముందు ఛైర్మన్ గారు ఇచ్చారట. నేను లేనప్పుడు గోడౌను మాట వస్తే ఇది కౌన్సిలుకి ఇవ్వు, నువ్వే ఇవ్వాలి అన్నారట.

కొత్త ఛైర్మను కవరు విప్పాడు. కొక్కేలు, గుట్టలు, గోతులు, కింద స్టాంపు. కళ్లజోడు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు. ఆయన చివరి మాట ఇందులో ఉంది, ఆదివారం సంస్మరణ సభలో టైపిస్టమ్మ చేత అందరి ముందూ చదివిద్దాం, ఇందులో ఏముంటే అదే చేద్దాం అన్నాడు. అన్నవాడు ఊరుకోకుండా పేపర్లో కూడా వేయించాడు.

టైపిస్టమ్మ ఆ పేపర్లో తన పేరు చూసుకుంది. గురువారం సాయంత్రం ఆ కాగితం ఇంటికి తెచ్చుకుంది. భూతద్దం పెట్టి చూసింది. అద్దంలో చూసింది. కిటికీకి ఆనించి వెనకనుంచి చూసింది. ఇన్నాళ్లూ తోచింది రాస్తే కింద సంతకం పెట్టడానికి ఆయన ఉండేవారు. తప్పయితే ఆయనే ఆపేవారు. ఇప్పుడు తోచింది చదివితే అది చనిపోయిన మనిషి నోట్లో మాట పెట్టడమే. ఆ పని తన వల్ల కాదు. పోనీ చదవడం రాదని చెబితే ముప్పై ఏళ్ల పరువు సరే, నలభై మంది పిల్లలు వీధిలో పడతారు.

ఆఖరికి సిగ్గు చంపుకుని మొగుడికి చూపించింది. ముప్పై ఏళ్లుగా డాక్టర్ల చీటీలు చదివిన అనుభవం కదా అని ఆశ. ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, గట్టిగా ఆలోచించాడు.

"మిగతాదేమో గానీ, ఈ వరుస మాత్రం రోజుకి రెండుసార్లు, భోజనం తర్వాత."

శనివారం పొద్దున్నే టైపిస్టమ్మ ఛైర్మన్ గారింటికి వెళ్లింది. ఆయన రాసినవి ఇంకేమైనా దొరికితే పక్కపక్కన పెట్టి ఒక్క అక్షరమన్నా పట్టుకోవచ్చని. ఛైర్మన్ గారి భార్య పాత చొక్కాల గుండీలు కత్తిరించి డబ్బాలో వేస్తూ కూర్చుని ఉంది. టైపిస్టమ్మ ఆవిడ ముందు కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేసింది. నాకు ఒక్క ముక్క చదవడం రాదమ్మా, ముప్పై ఏళ్లూ అందర్నీ మోసం చేశాను అని కళ్లనీళ్లు పెట్టుకుంది. పెద్దావిడ వినీ వినీ ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. మంచినీళ్లు తాగి, లోపలి నుంచి ఒక పాత పుస్తకం తెచ్చి ఒళ్లో పెట్టింది.

టైపిస్టమ్మ తెరిచి చూసింది. ముత్యాలు పేర్చినట్టున్న రాత. ఒక్కొక్క అక్షరం అచ్చు పోసినట్టుంది.

"పెళ్లికి ముందు వేరే ఊళ్లో సైన్‌బోర్డులు రాసేవారమ్మాయ్. ఆయన రాసిన బోర్డు చూడ్డానికే కొట్టు దగ్గర ఆగేవాళ్లట జనం."

ఆ తర్వాత ఆవిడ మిగతాది చెప్పింది. ఆయనకు పద్దెనిమిదేళ్లప్పుడు, తండ్రి పోయాక, ఒక పెద్దమనిషి దగ్గర ఉత్తరం రాయించుకుని ఏదో ఆఫీసుకు ఉద్యోగం కోసం వెళ్లారట. చాలా చక్కటి ఉత్తరం. ఆఫీసరు దాన్ని రెండుసార్లు చదివాడట గానీ తెచ్చిన కుర్రాడి మొహం ఒక్కసారీ చూడలేదట. ఉద్యోగమైతే ఇచ్చాడు. ఆర్నెల్లయినా పేరు అడగలేదు. ఏదైనా పని పడితే 'ఒరేయ్ ఉత్తరం, ఇట్రా' అని పిలిచేవాడట. ఆర్నెల్లకు ఈయన ఆ ఉద్యోగం వదిలేసి వచ్చి కుంచె పట్టుకున్నారు. ఛైర్మన్ అయిన రోజున ఇంటికొచ్చి, నేను రాసే ఉత్తరం ఎవడూ చదవకూడదు, చదవలేక తలెత్తి పిల్లాడి మొహం చూడాలి, వాణ్ణి అడగాలి అన్నారట.

"చెడ్డగా రాయడం ఆయనకి ఎంత కష్టమైందో నీకేం తెలుసు? చెయ్యి మాట వినేది కాదు. అక్షరాలు వాటంతటవే చక్కగా పడిపోయేవి. పొద్దున్నే లేచి సాధన చేసేవారు."

ఆ పుస్తకమే సాధన పుస్తకం. ప్రతి పేజీలో సగం కోడిగీతలు, కింద ముత్యాల రాతలో తన తప్పులు తనే దిద్దుకున్నారు. 'మూడో వరుసలో ఉద్యోగం అన్న మాట తెలిసిపోతోంది, జాగ్రత్త' అని ఒకచోట. 'ఇంకా చెడగొట్టాలి' అని ఇంకోచోట. 'ఇంజినీరు ఇవాళ పైకి వచ్చి అడిగాడు. నొచ్చుకున్నట్టు నటించాను. పాపం భయపడ్డాడు' అని మరోచోట. టైపిస్టమ్మ నవ్వుతూ పేజీలు తిప్పుతూ ముప్పై ఏళ్ల కిందటి ఒక తారీకు దగ్గర ఆగిపోయింది. తను ఉద్యోగంలో చేరిన రోజు అది.

'కొత్త టైపిస్టమ్మ నా గీతలు చదివానని చెప్పి చక్కటి ఉత్తరం కొట్టి తెచ్చింది. ఉత్తరం కోసం వచ్చిన పిల్లనే పిలిచి అడిగిందని బంట్రోతు చెప్పాడు. ఇంతమంది ఆఫీసర్లకు నేను నేర్పాలనుకున్నది ఈవిడకి ముందే వచ్చు. నాకు తెలుసన్న సంగతి ఆవిడకు తెలియకూడదు, సిగ్గుపడుతుంది.'

టైపిస్టమ్మ ఆ నాలుగు వరుసలూ రెండోసారి చదువుకుంది. ముప్పై ఏళ్లలో ఆయన రాసింది ఆవిడ నిజంగా చదవడం అదే మొదలు. ఏడుపొచ్చింది, ఏడ్చింది. పెద్దావిడ గుండీల డబ్బా పక్కన పెట్టి ఆవిడ వీపు నిమిరింది.

ఆదివారం మునిసిపల్ హాలు కిక్కిరిసిపోయింది. గోడకు ఛైర్మన్ గారి ఫొటో. ముందు వరుసలో ఆఫీసర్లు, వెనకంతా ఆయన పిల్లలు. పిల్లలంటే ఇప్పుడు కొందరికి నెరిసిన జుట్టు కూడా ఉంది. లిఫ్టు మెకానిక్కు వచ్చాడు, నర్సు టేపు అంటించిన ఉత్తరం పర్సులో పెట్టుకుని వచ్చింది. వెల్డింగు అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడింది. వక్తలు ఒకరి తర్వాత ఒకరు ఛైర్మన్ గారి ఉత్తరాల్లోని భాషను తెగ పొగిడారు. ఆయన వాక్యంలో ఒక్క మాట వృథాగా ఉండేది కాదని ఐటీఐ ప్రిన్సిపాలు గద్గదంగా చెప్పాడు.

కొత్త ఛైర్మను పిలవగానే టైపిస్టమ్మ కాగితం పట్టుకుని మైకు దగ్గరికి వచ్చింది. 

"నాకు ఈ రాత చదవడం రాదు."

దుఃఖంలో కళ్లు కనబడటం లేదు పాపం అని జనం అనుకున్నారు. ఎవరో మంచినీళ్లు అందించబోయారు.

"ఇవాళ రాకపోవడం కాదు. ముప్పై ఏళ్లుగా రాదు."

అప్పుడు ముందు వరుసలో ఎవరో దగ్గారు. ఇంజినీరు. మెల్లిగా లేచి నిలబడి, నాక్కూడా రాదు అన్నాడు. అతని పక్కన ఆరోగ్య శాఖ ఆఫీసరు తల దించుకునే చెయ్యెత్తాడు. లైబ్రేరియను లేచాడు. ఒక్క మాట కూడా వృథాగా ఉండదన్న ప్రిన్సిపాలు అందరికంటే ఆఖరున, నీళ్లు నములుతూ లేచాడు. నిలబడినవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఇన్నేళ్లూ వీడు గడగడా చదివేస్తున్నాడనుకున్నానే అన్నది ప్రతి మొహం మీదా ఉంది.

కొత్త ఛైర్మను అయోమయంగా, మరి ఇందులో ఏముందో ఎలా తెలుస్తుంది అని అడిగాడు.

"ఆయన ఉత్తరాలన్నిట్లోనూ ఉన్నది ఒకటే మాట సార్. తెచ్చినవాళ్లని అడగండి."

అని టైపిస్టమ్మ పక్కకు తప్పుకుని వెల్డింగు అమ్మాయిని మైకు దగ్గరికి పిలిచింది. ఆ అమ్మాయి మొదట బొటనవేలితో నేల గీసింది. తర్వాత ఫొటో వంక చూసింది. తర్వాత చెప్పింది. గోడౌను పడగొట్టొద్దు. కప్పులో ఆరు రేకులు పోయాయి, రేకులిస్తే మేమే బిగించుకుంటాం. త్రీ ఫేజ్ కరెంటు కావాలి, ఇప్పుడు వెల్డింగు మిషను వేస్తే అవతల కుట్టుమిషన్ల దగ్గర లైట్లు ఆరిపోతున్నాయి. సాయంత్రం ఆరింటికే తాళం వేసేస్తున్నారు, మావాళ్లు పగలు పనులకెళ్లి వచ్చేసరికే ఆరవుతుంది, తాళంచెవి మాకివ్వండి. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టింది.

కొత్త ఛైర్మను ఇబ్బందిగా కదిలాడు. నాకూ ఆయనంటే గౌరవమేనమ్మా, ఆయన పేరు మీదే కదా అంత పెద్ద కాంప్లెక్సు కట్టేది అన్నాడు.

"అందులో మేం నేల తుడుస్తాం సార్. ఇక్కడైతే పని నేర్చుకుంటాం."

ఇదంతా నువ్వు చెబుతున్నది గానీ ఆయన రాసింది కాదు కదా అని కొత్త ఛైర్మను గొణిగాడు. అప్పుడు టైపిస్టమ్మ మళ్లీ మైకు అందుకుని, ఎంతో మర్యాదగా, మీ హాల్లో అద్దం కట్టించిన ఉత్తరంలో ఏముంది సార్ అని అడిగింది. నేను చాలా తెలివైనవాణ్ణని ఉంది అన్నాడు అతను, అలవాటు కొద్దీ.

"అది ఎవరు చదివి చెప్పారు?"

కొత్త ఛైర్మను ఇంజినీరు వంక చూశాడు. నావంక చూస్తావేం, నువ్వు చెప్పిందే నేను ఫైల్లో రాసుకున్నాను అన్నాడు ఇంజినీరు. బడ్డీకి జాగా కావాలన్నావు, ఎందుకివ్వాలంటే తెలివైనవాణ్ణి అన్నావు, నిజమేననిపించి ఇచ్చాను.

హాలంతా గొల్లుమంది. కొత్త ఛైర్మను చెవుల దాకా ఎర్రబడి, తనే అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుని ఫొటో ముందుకెళ్లి కాసేపు నిలబడ్డాడు. ఆ రోజు ఇంజినీరు గదిలో, చిరిగిన చొక్కాతో, జీవితంలో మొదటిసారి ఒకరి ముందు తన గురించి తాను మంచిమాట చెప్పుకున్న కుర్రాడు గుర్తొచ్చినట్టున్నాడు. వెనక్కి తిరిగి ఇంజినీరుతో, ఆ అమ్మాయి చెప్పింది ఫైల్లో రాసుకోండి అన్నాడు. ఆరు రేకులు కాదు, ఎందుకైనా మంచిది ఎనిమిది రాయండి అన్నాడు.

కాంప్లెక్సు లేదు, విగ్రహం లేదు. ఛైర్మన్ గారి ఆఖరి ఉత్తరాన్ని ఒక నల్లరాయి మీద చెక్కించి గోడౌను గుమ్మం పక్కన పెట్టాలని మాత్రం తీర్మానించారు. రాయి చెక్కేవాడికి తల ప్రాణం తోకకొచ్చింది. అక్షరాలైతే ఎన్నైనా చెక్కుతాను గానీ ఇదేం ఖర్మ అని పదిసార్లు పని వదిలేసి పదకొండోసారి పూర్తిచేశాడు. స్టాంపు చెక్కలేదు, రాతే చాలనుకున్నారు.

రాయి బిగించిన రోజు టైపిస్టమ్మ వెళ్లింది. త్రీ ఫేజ్ వచ్చింది, లోపల వెల్డింగు మిషనూ కుట్టుమిషన్లూ ఒకేసారి నడుస్తున్నాయి. రాయి చూడగానే ఆవిడకు తెలిసిపోయింది. పైన ఉండాల్సిన రెండు కొక్కేలు కింద ఉన్నాయి. రాయిని తలకిందులుగా బిగించేశారు. సిమెంటు ఆరిపోయింది కూడా. రాయి చెక్కినవాడు చేతులు కట్టుకుని, తప్పులేమన్నా ఉన్నాయా అమ్మా, మీరైతే చెప్పగలరు అన్నాడు. టైపిస్టమ్మ తల కాస్త వంచి చాలాసేపు చూసింది.

"బాగుంది" అని అతని భుజం తట్టింది.

వెనక్కి తిరిగేసరికి పదహారేళ్ల పిల్ల ఒకతె, చేతిలో సంచీ పట్టుకుని, లోపలికి రావాలా వద్దా అన్నట్టు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. రాయి వంక కాసేపు చూసి, టైపిస్టమ్మ వంక చూసి, అక్కడ ఏం రాసుంది మేడం అని మెల్లిగా అడిగింది.

టైపిస్టమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది.

"చెబుతాను గానీ, ముందు నీకేం కావాలో చెప్పు."